పిల్లలతో, పెద్దలతో మసాయి మారాకు: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా సెలవులకు మేం అయిదుగురం కెన్యాలోని మసాయి మారాకు వెళ్లివచ్చాం. మేమిద్దరం, పదకొండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి, అరవై ఆరేళ్ల మా అత్తయ్య. తిరిగి వచ్చిన దగ్గర నుంచి బంధువులు, స్నేహితులు, పిల్లల బడిలో పరిచయమైన తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్నలే ఇవన్నీ. ఒకరికి చెప్పినది ఇంకొకరికి చెప్పడం మరిచిపోతున్నానని, అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

మసాయి మారా ఎక్కడుంది? దానికే ఎందుకంత పేరు?

కెన్యాకు నైరుతి మూలన, టాంజానియా సరిహద్దును ఆనుకుని ఉంటుంది. 1961లో అభయారణ్యంగా మొదలైంది. విస్తీర్ణం దాదాపు 1,500 చదరపు కిలోమీటర్లు. మన నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో సగం కూడా ఉండదు. అయితే సరిహద్దుకు అవతల టాంజానియాలోని సెరెంగెటి దీనికి దాదాపు పదింతలు. మధ్యలో కంచె లేదు. జంతువులకు రెండూ ఒకటే నేల.

పేరు రావడానికి కారణం గడ్డి. నల్లమలలో పులి పది అడుగుల దూరంలో ఉన్నా పొదల మాటున మనకు కనపడదు. మారాలో మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ ఒక తుమ్మజాతి చెట్టు, పైన ఆకాశం. అంతే. ఆ ప్రాంతపు మసాయి తెగవాళ్ల భాషలో ‘మారా’ అంటే మచ్చలు మచ్చలుగా ఉన్నది అని అర్థం. దిబ్బ మీద నిలబడి చూస్తే పచ్చిక మీద చెట్లు, వాటి నీడలు నిజంగానే మచ్చల్లా కనిపిస్తాయి. రెండు కిలోమీటర్ల అవతల నడుస్తున్న ఏనుగుల గుంపును కూడా లెక్కపెట్టవచ్చు.

‘సఫారీ’ అన్న మాట కూడా మనకు కొత్తది కాదు. కెన్యాలో మాట్లాడే స్వాహిలీ భాషలో దాని అర్థం ప్రయాణం. అరబ్బీ నుంచి వచ్చింది. హైదరాబాదీలు రోజూ అనే ‘సఫర్’ దాని తోబుట్టువే.

ఏ సెలవులకు వెళ్లడం మంచిది?

మన బడుల సెలవులు మూడు. వాటినే పట్టుకుని చెబుతాను.

దసరా సెలవులు అన్నిటికంటే అనుకూలం. పది లక్షలకు పైగా విల్డెబీస్టులు (కొమ్ములు, గడ్డం ఉన్న పెద్ద జింకజాతి జంతువులు), వాటి వెంట లక్షల చారల గుర్రాలు, జింకలు సెరెంగెటి నుంచి మారాకు వచ్చి జులై నుంచి అక్టోబరు దాకా ఉంటాయి. దసరా నాటికి కొన్ని తిరుగుముఖం పట్టినా, గుంపులు ఇంకా మైదానమంతా కనిపిస్తాయి.

సంక్రాంతి సెలవులను చాలామంది కొట్టిపారేస్తారు. అది పొరపాటు. జనవరిలో విల్డెబీస్టుల ప్రధాన గుంపులు దక్షిణ సెరెంగెటికి వెళ్లిపోయి ఉంటాయి, నిజమే. కానీ సింహాలు, చిరుతపులులు, చీతాలు, ఏనుగులు, జిరాఫీలు ఏడాది పొడుగునా మారాలోనే ఉంటాయి. వాహనాల రద్దీ తక్కువ, ప్రవేశ రుసుము సగం. పెద్ద గుంపులు చూడాలన్న పట్టుదల లేకపోతే నేను జనవరికే ఓటు వేస్తాను. అయితే మన సంక్రాంతి సెలవులు కొద్ది రోజులే కాబట్టి అటూ ఇటూ రెండు రోజులు బడి మానిపించక తప్పదు.

వేసవి సెలవుల్లో ఏప్రిల్, మే నెలలు అక్కడ పెద్ద వానల కాలం. నల్లమట్టి దారుల్లో వాహనం దిగబడితే గంటలు పోతాయి. జూన్ మొదటి వారం దాకా ఆగగలిగితే ఫరవాలేదు.

ఎన్ని రోజులు కేటాయించాలి?

అందరూ తక్కువ పట్టించుకునే ప్రశ్న ఇదే. నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

మాకు మొదట ఇచ్చిన ప్రణాళికలో వారం రోజుల్లో అంబోసెలి, నైవాషా, నకురు, మారా అన్నీ ఉన్నాయి. కాగితం మీద చూస్తే నోరూరుతుంది. లెక్కవేస్తే సగం పగళ్లు రోడ్డు మీదే. పెట్టె సర్దడం, విప్పడం, మళ్లీ సర్దడం. పిల్లలతో, పెద్దవాళ్లతో అది యాత్ర కాదు, పరుగు. మిగతావన్నీ కొట్టేసి మారాలోనే నాలుగు రాత్రులు ఉన్నాం. రెండు అభయారణ్యం లోపల, రెండు దాని పక్కనున్న మసాయివాళ్ల కన్సర్వెన్సీలో, అంటే వాళ్ల సొంత భూముల్లో జంతువుల కోసం వదిలిన ప్రాంతంలో (వివరాలు కింద చెబుతాను). ఇంతకంటే తగ్గించవద్దని గట్టిగా చెబుతాను.

ఎందుకో ఒక ఉదయం సంగతి చెబితే తెలుస్తుంది. మూడో రోజు కన్సర్వెన్సీలో ఒక చెదల పుట్ట మీద చీతా తల్లి కూర్చుని ఉంది. కింద గడ్డిలో మూడు పిల్లలు. మెడ నుంచి వీపు దాకా బూడిదరంగు జూలు, మంచుకు తడిసి ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉంది. ఇంకో వాహనం వచ్చి, అయిదు నిమిషాలు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయింది. మేం ఇంజను ఆపించి ఉండిపోయాం. గంట గడిచినా ఏమీ జరగలేదు. ఉన్నట్టుండి ఎక్కడో పిచ్చుక కూత వినిపించింది. మా అబ్బాయి చెట్ల వైపు చూశాడు. అది పిట్ట కాదు, తల్లి చీతా. చీతాకు సింహంలా గర్జించడం రాదు, పిల్లలను అలా పిట్ట గొంతుతో పిలుస్తుంది. మూడు పిల్లలూ గడ్డిలోంచి ఒకదాని వెనుక ఒకటి పుట్ట ఎక్కి తల్లి పొట్ట కింద దూరాయి. ఒకటి జారి పడి మళ్లీ ఎక్కింది. అంత దగ్గర నుంచి వాటి గురగుర కూడా వినిపించింది. రెండున్నర గంటలు ఉన్నాం. రోజుకొక చోటికి పరిగెత్తే ప్రణాళికలో ఆ రెండున్నర గంటలు ఎక్కడి నుంచి తెస్తాం?

పిల్లలకు ఎంత వయసు ఉండాలి?

ఆరేళ్లు దాటితే హాయిగా తీసుకెళ్లవచ్చు. అంతకంటే చిన్నవాళ్లను కొన్ని విడిదులు అందరితో కలిసి వెళ్లే వాహనం ఎక్కనివ్వవు. ఒక్కో విహారం మూడు, నాలుగు గంటలు. ఆ సేపంతా దిగడానికి లేదు, అరవడానికి లేదు. నాలుగేళ్ల పిల్లవాడికి అది శిక్ష. సొంతంగా వాహనం మాట్లాడుకుంటే విసుగు పుట్టినప్పుడు వెనక్కి తిప్పవచ్చు కాబట్టి కుటుంబాలకు అదే మేలు.

మావాళ్లకు ఒక నోటుపుస్తకం ఇచ్చాం. చూసిన ప్రతి జంతువుకూ స్వాహిలీ పేరు గైడును అడిగి రాసుకోవాలి. సింహం సింబా, ఏనుగు తెంబో, జిరాఫీ ట్విగా, హిప్పో కిబోకో. చారల గుర్రాన్ని పుండా మిలియా అంటారు, అంటే చారల గాడిద. మనం గుర్రం అన్నదాన్ని వాళ్లు గాడిద అన్నారని మావాడు ఇప్పటికీ బడిలో అందరికీ చెబుతున్నాడు.

అక్కడికి ఎలా చేరుకోవాలి?

హైదరాబాదు నుంచి ముంబై, ముంబై నుంచి నేరుగా నైరోబీ. రెండో విమానం ఆరు గంటలు. కెన్యా మనకంటే రెండున్నర గంటలు వెనుక, కాబట్టి పిల్లలకు నిద్ర పెద్దగా చెదరదు. నైరోబీలో ఒక రాత్రి పడుకుని మర్నాడు బయలుదేరండి.

నైరోబీ నుంచి రోడ్డు మీద నరోక్ పట్టణం మీదుగా అయిదారు గంటలు. దారిలో మహాభ్రంశలోయ (గ్రేట్ రిఫ్ట్ వ్యాలీ) అంచున ఆగి కిందికి చూడటం పిల్లల భూగోళం పాఠానికి నాలుగు తరగతుల పెట్టు. విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో అయితే ముప్పావు గంట, కానీ మనిషికి 15 కిలోల సామానే, అదీ మెత్తటి సంచుల్లో. మేం వెళ్లేటప్పుడు రోడ్డు, వచ్చేటప్పుడు విమానం పెట్టుకున్నాం. అత్తయ్య నడుముకు అది మంచిదయింది.

వాహనం విషయంలో ఒక హెచ్చరిక. పైకప్పు ఎత్తే ల్యాండ్ క్రూజర్ అని మాట ఇచ్చినవాళ్లు మా ముందుకు పాత వ్యాను తెచ్చారు. రెండు గంటలు వాదించి మార్పించుకున్నాం. ఏ రకం వాహనమో, ఒక్కొక్కరికీ కిటికీ పక్క సీటు ఉంటుందో లేదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా?

తప్పనిసరి. కెన్యా నుంచి భారతదేశానికి తిరిగి వచ్చేవారి దగ్గర టీకా వేసుకున్నట్టు పసుపు కార్డు ఉండాలి. లేకపోతే విమానాశ్రయం నుంచే ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం మనవాళ్లకు ఉంది. టీకా వేసుకున్న పది రోజుల తరువాతే కార్డు చెల్లుబాటవుతుంది, ఆ తరువాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పాస్‌పోర్టు వెంట ఉండాలి. చివరి వారానికి వాయిదా వేయకండి.

తొమ్మిది నెలల లోపు పసిపిల్లలకు ఈ టీకా వేయరు. గుడ్డు పడనివారు, గర్భిణులు, రోగనిరోధకశక్తి తగ్గినవారు, అరవై దాటినవారు ముందుగా తమ వైద్యుడితో మాట్లాడాలి. అత్తయ్య విషయంలో డాక్టరుగారు పాత రిపోర్టులన్నీ చూశాకే సరే అన్నారు. టిక్కెట్లు కొనకముందే ఈ పని పూర్తిచేయండి. మలేరియా మాత్రల గురించి కూడా అప్పుడే అడగండి, పిల్లలకు బరువును బట్టి మోతాదు మారుతుంది.

2024 జనవరి నుంచి కెన్యాకు వీసా బదులు ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి సరిపోతుంది. ఒళ్లో పాపకైనా విడిగా తీసుకోవాలి.

ఖర్చు ఎక్కువవుతుందా?

అవుతుంది. దాచి లాభం లేదు. అన్నిటికంటే బరువైనది అభయారణ్యం ప్రవేశ రుసుము. 2024లో పెంచిన ధరల ప్రకారం విదేశీ పెద్దలకు రోజుకు జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. తొమ్మిది నుంచి పదిహేడేళ్ల పిల్లలకు 50, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. అంటే దసరాకు మా అయిదుగురికి ఒక్కరోజుకే 650 డాలర్లు. ఆ చీటీ చెల్లేది పన్నెండు గంటలే. ప్యాకేజీ ధరలో ఇది కలిసి ఉందో లేదో అడగకుండా ఎవరికీ డబ్బు కట్టవద్దు. వెళ్లే ముందు ధరలు మరోసారి చూసుకోండి.

తగ్గించుకోవాలంటే విడిది స్థాయి తగ్గించుకోండి, రోజులు తగ్గించుకోకండి. చిన్న గుడారంలో పడుకున్నవారికీ, రాజభవనం లాంటి విడిదిలో పడుకున్నవారికీ కనిపించే సింహం ఒక్కటే.

కన్సర్వెన్సీ అంటే ఏమిటి? అభయారణ్యానికీ దానికీ తేడా ఏమిటి?

అభయారణ్యం ప్రభుత్వానిది. నరోక్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అధీనంలో ఉంటుంది. దాని ఉత్తరాన, తూర్పున ఉన్న భూములు మసాయి కుటుంబాలవి. వాళ్లు ఆ భూములను కలిపి విడిదుల యజమానులకు కౌలుకిస్తారు. నెలనెలా కౌలు డబ్బు వస్తుంది కాబట్టి భూమికి కంచె వేయరు, అమ్ముకోరు, జంతువులు తిరగడానికి వదిలేస్తారు. నబోయిషో, ఒలారే మొతొరోగి, మారా నార్త్ అలాంటివే. ఇక్కడ విడిదికి ఇన్ని గుడారాలే అని పరిమితి ఉంటుంది కాబట్టి రద్దీ ఉండదు. దారి దిగి నడపవచ్చు, రాత్రి విహారానికి వెళ్లవచ్చు. అభయారణ్యంలో ఇవి రెండూ నిషేధం.

మనం ఇచ్చే డబ్బు భూమి ఉన్న మనిషి చేతికి చేరుతోంది. అడవి పక్కన బతికేవాళ్లకు అడవి వల్ల అన్నం దొరికితే వాళ్లే దాన్ని కాపాడతారు. మన నల్లమల చెంచుల గురించి తెలిసినవారెవరికైనా ఈ మాట విలువ తెలుస్తుంది. రెండు రాత్రులైనా కన్సర్వెన్సీలో ఉండమని అందరికీ చెబుతున్నాను.

జంతువులు తప్పకుండా కనిపిస్తాయా?

సింహాలు, ఏనుగులు, జిరాఫీలు, అడవి దున్నలు, హిప్పోలు దాదాపు ఖాయం. చిరుతపులికి అదృష్టం కావాలి. నల్ల ఖడ్గమృగానికి ఇంకా ఎక్కువ కావాలి. మాకు అది కనపడలేదు. పులులు లేవు, ఆఫ్రికా అడవుల్లో ఎక్కడా లేవు. ఇది అడిగిన పెద్దవాళ్లు కూడా ఉన్నారు.

మన పత్రికలు చిరుత, చీతా మాటలను కలిపేస్తుంటాయి కాబట్టి తేడా చెబుతాను. చిరుతపులి ఒంటి మీద మచ్చలు పూరేకుల్లా గుండ్రంగా, మధ్యలో ఖాళీతో ఉంటాయి. చీతావి నిండు చుక్కలు, పైగా కంటి మూల నుంచి నోటి దాకా కన్నీరు కారినట్టు నల్లటి చార ఉంటుంది. చిరుత చెట్టు మీద, చీతా మైదానంలో. మన దేశంలో చీతాలు అంతరించిపోయినట్టు 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలినవి ఈ ఆఫ్రికా చీతాలే.

‘బిగ్ ఫైవ్’ (సింహం, చిరుతపులి, ఏనుగు, అడవి దున్న, ఖడ్గమృగం) పట్టికను పిల్లలకు ఇవ్వకండి. అది వేటగాళ్లు, నడిచి వెళ్లి చంపడానికి కష్టమైన జంతువులకు పెట్టుకున్న పేరు. కెన్యా 1977లోనే వేటను నిషేధించింది. ఆ పట్టిక చేతికిస్తే పిల్లలు టిక్కులు పెట్టుకుంటూ పోతారు, దుమ్ములగొండి పిల్లలకు పాలిస్తుంటే చూడరు.

విల్డెబీస్టులు నది దాటడం చూడగలమా?

చూడవచ్చు, చూడలేకపోనూవచ్చు. ఎవరు హామీ ఇచ్చినా నమ్మకండి. మొదటి రోజు మారా నది ఒడ్డున మూడున్నర గంటలు కూర్చున్నాం. అవతలి గట్టు మీద వేల గుంపు. ధూళి, పేడ వాసన, ఆగకుండా హుంకారాలు. ఒక చారల గుర్రం నీళ్ల దాకా దిగింది. ముందుకాలు ముంచింది, ఆగింది, చెవులు నిక్కించింది. దిగువన మొసలి కదిలింది. గుర్రం వెనక్కి తిరిగింది, దాని వెంట అంత గుంపూ తిరిగి గట్టు పైకి వెళ్లిపోయింది.

రెండో రోజు దాటాయి. కానీ అక్కడ జరిగినది చూసి బాధ కలిగింది. వాహనాలు ఒకదాన్ని తోసుకుని ఒకటి గట్టు అంచుకు వచ్చేసి, విల్డెబీస్టులు ఎక్కే దారికే అడ్డం నిలబడ్డాయి. పైకి రాలేక కొన్ని మళ్లీ నీళ్లలోకి జారాయి. మా గైడుకు వెనక్కి తీయమని చెప్పాం. దూరం నుంచి దుర్భిణితో చూశాం. వెళ్లేవారందరికీ నా విన్నపం ఇదొక్కటే: ముందుకు పొమ్మని డ్రైవరును ఒత్తిడి చేయకండి. యాత్రికుడు అడుగుతాడన్న భయంతోనే వాళ్లు నిబంధన దాటుతారు.

వేట కంటపడితే పిల్లలు భయపడరా?

భయపడతారు. మా అమ్మాయి ఏడ్చింది. ఆడసింహాలు మూడు ఒక విల్డెబీస్టును పడగొట్టాయి. ఒకటి గొంతు పట్టుకుంది, అది చనిపోవడానికి చాలాసేపు పట్టింది. సినిమాలో కట్ చేసేస్తారు, అక్కడ ఎవరూ కట్ చేయరు. అమ్మాయి నా ఒళ్లో తల పెట్టుకుంది. గైడు ఇంజను తాళం మీద చెయ్యి పెట్టి, ‘ఉందామా, వెళ్దామా?’ అని నన్ను కాదు, తననే అడిగాడు. తను కాసేపు ఆగి ఉందామంది.

అరగంట తరువాత పొదల్లోంచి సింహం పిల్లలు వచ్చాయి. ఆకలికి డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. అవి తింటుంటే అమ్మాయే దుర్భిణి అడిగి తీసుకుంది. దూరంగా నక్కలు, పైన రాబందులు తమ వంతు కోసం కాచుకుని ఉన్నాయి. ‘ఒక్కదాంతో ఇంతమందా?’ అంది. నేనేమీ వివరించలేదు. మీరు కూడా ముందు నుంచే ఉపన్యాసం ఇవ్వకండి. చూడాలా వద్దా అన్నది మాత్రం పిల్లలకే వదలండి.

ప్రమాదం లేదా?

వాహనంలో ఉన్నంతసేపు లేదు. లేచి చేతులు బయటపెట్టడం, కేకలు వేయడం, దిగడం చేయకూడదు. విడిదిలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. చాలా విడిదులకు కంచె ఉండదు. రాత్రి హిప్పోలు గడ్డి మేయడానికి గుడారాల మధ్యకు వస్తాయి. చీకటి పడ్డాక గుడారం నుంచి భోజనశాలకు మసాయి కాపలాదారు టార్చితో వచ్చి తీసుకెళ్తాడు. అతను రాకుండా ఒక్క అడుగు కూడా వేయవద్దు. పిల్లల చెయ్యి వదలకండి. గుడారం జిప్పు తెరిచి ఉంచితే కోతులు బిస్కెట్లు ఎత్తుకుపోతాయి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

సులువుగా దొరుకుతుంది. భారతీయులు తరతరాలుగా స్థిరపడిన దేశం కాబట్టి చపాతి, సమోసా అక్కడివాళ్లకు సొంత వంటకాలైపోయాయి. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి మన సంకటికి దగ్గర చుట్టం. ఆకుకూర వేపుడుతో, బీన్స్ కూరతో తింటారు. అత్తయ్య కందిపొడి కలుపుకుని రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. బుక్ చేసేటప్పుడే శాకాహారమని చెప్పండి. గుడ్డు కూడా తినకపోతే ఆ మాట విడిగా చెప్పండి.

పొడులు, పచ్చళ్లు స్టీలు డబ్బాల్లో తీసుకెళ్లండి. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం.

ఏమేమి సర్దుకోవాలి?

స్వెట్టరు. ఆఫ్రికా అనగానే ఎండ అనుకుంటాం. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది. తెల్లవారుజామున పైకప్పు ఎత్తిన వాహనంలో లంబసింగి చలి గుర్తొస్తుంది. ఖాకీ, గోధుమ రంగు బట్టలు మంచివి, ముదురు నీలం, నలుపు సెట్సీ అనే కుట్టే ఈగలను పిలుస్తాయి. సైనికుల మచ్చల (కామఫ్లాజ్) బట్టలు అక్కడ చట్టవిరుద్ధం, పిల్లల టోపీలు కూడా చూసుకోండి. అనుమతి లేకుండా డ్రోను తీసుకెళ్లకూడదు. ప్లగ్గుకు మూడు దీర్ఘచతురస్రపు కాళ్లుంటాయి, అడాప్టరు కావాలి. డబ్బు మిగిలితే కెమెరాకు కాదు, ఇంకో దుర్భిణికి పెట్టండి. అయిదుగురికి ఒక్కటే ఉంటే పోట్లాటే.

అరవై దాటిన పెద్దవాళ్లు తట్టుకోగలరా?

మోకాళ్లు, నడుము బాగుంటే తట్టుకుంటారు. కుదుపులు ఎక్కువ కాబట్టి మధ్య వరుసలో కూర్చోబెట్టండి. మధ్యాహ్నం అందరూ విశ్రాంతి తీసుకునే ఊరే అది. అత్తయ్య మొదట రానన్నారు. దసరాకు ఇల్లు వదలడం ఆవిడకు ఇష్టం లేదు. విజయదశమి నాడు పాలపిట్టను చూడకుండా ఆవిడకు ఏ ఏడూ గడవలేదు.

ఆ రోజు ఉదయం మేం మారాలోనే ఉన్నాం. ఆవిడ పొద్దున్నే తలస్నానం చేసి వాహనం ఎక్కారు, ఏమీ మాట్లాడలేదు. దారి పక్క ముళ్లచెట్టు చివరి కొమ్మ మీద ఒక పిట్ట కూర్చుని ఉంది. గొంతు లేత ఊదారంగు, పొట్ట లేతనీలం. మేం దగ్గరికి వెళ్లగానే రెక్క విప్పింది. ఆ నీలం, మన పాలపిట్ట రెక్కల నీలమే. గైడు పేరు చెప్పాడు: లైలాక్ బ్రెస్టెడ్ రోలర్. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్టకు అదే ప్రజాతిలోని చుట్టం. అత్తయ్య అతని మాట వినడం లేదు. సీట్లోంచి లేచి, కప్పు కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి ఆ పిట్టకు దణ్ణం పెట్టుకుంటున్నారు.